తాబేలుకు పరిచిన పొట్టు

కావొలాక్ ఊళ్ళో సగం కాపురాలు దియెగాన్ చేసిన మంచాల మీదే మొదలయ్యాయి. మిగతా సగం ఇనుప మంచాల మీద మొదలై, కిర్రుకిర్రుమంటూ ఇంటిగుట్టు వీధిన పడేసుకున్నాయి. దియెగాన్ మంచం కిర్రుమనదు. మేకు కొట్టడు, చెక్కలోకి చెక్క దింపుతాడు. అతను చిత్రిక పట్టిన ఎర్రచెక్క మీద చెయ్యి వేస్తే తీయబుద్ధి కాదు. మాట మాత్రం మహా పొదుపు. రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే అందులో ఏడు చెక్కతోనే.

నా పేరు తాక్కో. అతని కొట్టుకు ఆనుకునే నా కుట్టుమిషను. ఆ మంచాలకు పరుపు గుడ్డలు కుట్టేది నేనే. పైగా అతను సేద్యం చేసుకునే సెరేరు, నేను పశువులు కాచుకునే పులారు. మా రెండు జాతుల మధ్య వేళాకోళం తాతముత్తాతల నుంచి వస్తున్న హక్కు. పొద్దున్నే ఒకర్నొకరం తిట్టుకోలేదంటే ఎవరికో ఒంట్లో బాగాలేదన్న మాట.

"ఏరా నా బానిసా, లేచావా? సజ్జ సంకటి కుండెడూ నువ్వే మింగావా, పెళ్ళాం పిల్లలకేమన్నా మిగిల్చావా?" అనేదాన్ని.

"యజమానితో మాట్లాడే తీరు అదేనా? పాలు తాగీ తాగీ బుర్ర పులిసిపోయింది నీకు," అనేవాడు. ఆ రోజుకి అతని మాటలు అక్కడికి సగం అయిపోయేవి.

పెళ్ళాం పిల్లలు అన్నాను గానీ, ఉన్నది ఒక్కతే పిల్ల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టింది. పేరు సిగా. వాళ్ళ అమ్మ తెనింగ్ పల్లెటూరి మనిషి, నోట్లో నాలుక లేనిది. సిగా మాత్రం గడుగ్గాయి. నన్ను చూస్తే చాలు, వాళ్ళ నాన్న తరఫున నన్ను బానిసని చేసేసి, "తాక్కో అత్తా, యజమానికి మంచినీళ్ళు పట్రా!" అని కాలు మీద కాలేసుకుని కూచునేది. తెచ్చి ఇచ్చేదాన్ని. ఏం చేస్తాను, ముద్దు అలాంటిది.

పిల్లకు రెండో ఏడు రాగానే దగ్గు పట్టుకుంది. దగ్గు పట్టిన పిల్ల ఉన్న ఇంట్లో తాబేలు ఉండాల్సిందే గదా. తెనింగ్ తమ్ముడు పల్లె నుంచి గుప్పెడంత తాబేలు పిల్లను సంచిలో వేసుకొచ్చాడు. శుక్రవారం పిల్లకు స్నానం చేయించిన నీళ్ళు దాని వీపు మీద పోయాలి. పిల్ల తినగా మిగిలిన పుచ్చకాయ తొక్కలూ ఆకులూ దానికే పెట్టాలి. అలా చేస్తే పిల్ల దగ్గు మెల్లమెల్లగా తాబేలు మోసుకుంటుంది. దానికి నూరేళ్ళ ఆయుష్షు, కాస్త దగ్గు మోస్తే అరిగిపోదు. సిగా దాన్ని తాత అని పిలిచేది. అదీ ఆ పిలుపుకి మెడ చాచేది. మిగతా వాళ్ళు పిలిస్తే రాయిలా పడుండేది, వాళ్ళ నాన్న పోలికే.

దగ్గు తాబేలు మోసిందో లేదో గానీ, పిల్లను వదల్లేదు. పెద్దాసుపత్రిలో పీల్చే మందు రాసిచ్చారు. ధూళి పడదు, జాగ్రత్తగా చూసుకోమన్నారు. ఆ మాట పట్టుకుని ఆ మొగుడూ పెళ్ళాలు ఏం చేయలేదో చెప్పండి. తెనింగ్ వాకిలి రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లి ఊడ్చేది. మేకను పంపించేసింది. ఇంట్లో ధూపం వేయడం మానేసింది. మా ఊళ్ళో ఆడది ధూపం మానడమంటే బట్ట కట్టడం మానినంత పని. దియెగాన్ కొట్టుకూ ఇంటికీ మధ్య ఉన్న కిటికీని చెక్కలేసి మూసేశాడు. ఆ ఒక్క పనికే అతను మేకులు కొట్టడం నేను చూశాను. కొట్లో నుంచి ఇంట్లోకి పోవాలంటే బట్టలు దులుపుకుని, ముఖమూ చేతులూ కడుక్కుని మరీ పోయేవాడు.

సిగాకి మంచం చేసిందీ అతనే. తలవైపు చెక్క మీద తాబేలు బొమ్మ చెక్కాడు. ఏటా బక్రీదుకు ఊళ్ళో పిల్లలకు కొత్త బట్టలు వస్తే, సిగాకి కొత్త పరుపు కూడా వచ్చేది. గుడ్డ నేను కుట్టేదాన్ని. లోపల నింపే పొట్టు దియెగాన్ తయారు చేసేవాడు. సంవత్సరమంతా చిత్రిక పట్టిన ఎర్రచెక్క పొట్టులో సన్నగా, చుట్టలు చుట్టలుగా, పువ్వుల్లా ఊడి పడినవి ఏరి పక్కన పెట్టేవాడు. దుమ్ము ఉండకూడదని సజ్జలు జల్లించే జల్లెడతో మూడుసార్లు జల్లించేవాడు. ఆ చెక్క వాసన తీపి. పరుపు కుట్టిన రోజంతా నా చేతులు కమ్మగా ఉండేవి.

మొదటిసారి ఆ పరుపు నింపుతున్నప్పుడు తెనింగ్ ఒక మాట అంది. నాకు బాగా గుర్తు, ఆవిడ మాట్లాడేదే తక్కువ.

"మా అమ్మ గడ్డి పరుపు కుట్టేది. ఎండుగడ్డి నింపి. మెత్తగా ఉంటది. గడ్డి వేద్దామా?"

దియెగాన్‌కి నవ్వొచ్చింది. "వడ్రంగి కూతురు గడ్డి మీద పడుకుంటుందా? ఊళ్ళో గుర్రాలన్నీ వచ్చి పక్కలో పడుకుంటాయి."

నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, "సెరేరు పిల్ల గదా, ఆకలేస్తే పరుపు కూడా తినేస్తుందనేమో, పాపం తల్లి ముందుచూపు," అన్నాను. తెనింగ్ కూడా నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వు నా చెవిలో ఇప్పటికీ ఉంది.

సిగా పద్నాలుగో ఏట పోయింది. మార్చి నెల, ఎర్రటి దుమ్ముగాలి లేచి ఎదుటి గోడ కనపడని మధ్యాహ్నం. మందు పీల్చింది, మళ్ళీ పీల్చింది, గుర్రబ్బండి దొరికేలోగా అయిపోయింది. ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదు.

నలభయ్యో రోజు అన్నదానం అయ్యాక బంధువులు వెళ్ళిపోయారు. మా ఆచారం ప్రకారం ఏడ్చే ఇంట్లో వేళాకోళం చేసే హక్కు నాకుంది. ఇంటివాళ్ళను కాస్త నవ్వించడం మా బాధ్యత కూడా. వెళ్ళాను, గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చేశాను. తెనింగ్ సిగా గదిలోకి మారిపోయింది. సిగా మంచం మీద, సిగా పరుపు మీద, ముఖం దిండులో దాచుకుని పడుకునేది. "దాని వాసనుంది అక్కా ఇందులో," అనేది. దియెగాన్ పని మానలేదు. మాటలు పది నుంచి మూడుకి దిగాయి.

మిగిలింది తాత. పన్నెండేళ్ళలో బోర్లించిన పెద్ద బేసినంత అయింది. సిగా గది గోడ పక్కనే గొయ్యి తవ్వుకుని అందులో ఉండేది. పొద్దునా సాయంత్రం వచ్చి ఆ గది తలుపును నెత్తితో కొట్టేది. ఆ పిల్ల తొక్కలు పెట్టే వేళలవి. తలుపు తీస్తే తెనింగ్ ఏడుస్తుంది, తీయకపోతే అది కొడుతూనే ఉంటుంది. చివరికి దియెగానే ఆకులు పెట్టడం మొదలెట్టాడు. అది తింటున్నంతసేపూ పక్కన గొంతుకూచుని చూసేవాడు. సిగా చేతులు తగిలిన ప్రాణి ఇంకొకటి లేదు గదా అతనికి.

ఆగస్టు వానలకు మా వీధి ఎప్పటిలాగే చెరువైంది. తాబేలు గొయ్యిలోకి మురుగునీళ్ళు నిండాయి. దియెగాన్ మోకాటి లోతు బురదలో చేతులు పెట్టి తాతను బయటికి లాగాడు. ఆ రోజే మంచం పనులన్నీ పక్కన పడేసి దానికో ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. వసారాలో, నేలకు జానెడు ఎత్తున, నాలుగు వైపులా ఎర్రచెక్క, పైన వాలు కప్పు, ముందు పైకి జరిపే తలుపు. తలుపు మీద తాబేలు బొమ్మ. ఏ పెళ్ళికూతురికీ అంత నగిషీ చేసి ఇవ్వలేదు అతను.

ఇక అందులో ఏం పరవాలన్న దగ్గర ఆగిపోయాడు. రెండు రోజులు అదే ఆలోచన. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తలా ఒక సలహా.

"శెనగకాయ పొట్టు వేయవయ్యా, ఊరంతా గుట్టలు గుట్టలు పడుంది," అన్నాను నేను.

"వానాకాలం. తడి తగిలితే బూజు పడుతుంది. కిందటేడు మీ చెల్లెలి కోళ్ళకేమయింది?" అన్నాడు. నిజమే, ఆ పొట్టు మీద పెంచిన కోళ్ళు గురగురలాడి చచ్చాయి.

"ఇసక?"

"ఇక్కడి ఇసక ఉప్పు. ఆకుతోపాటు మింగిందంటే కడుపులో గడ్డకడుతుంది."

"అయితే గడ్డి."

నా వంక చూశాడు. సిగా పోయాక మొదటిసారి అతని మూతి కొస కాస్త కదిలింది. "సిగా తాత గడ్డి మీద పడుకుంటాడా, తాక్కో?"

అతను నవ్వబోయాడు గదా అన్న సంతోషంలో నేను గడ్డి మాట వదిలేశాను. కొట్లో మూల గోనెసంచి ఒకటుంది. వచ్చే బక్రీదుకి సిగా పరుపు కోసమని ఏరి పెట్టిన పొట్టు. ఆ సంచి విప్పాడు. జల్లెడ తెచ్చాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు జల్లించాడు. వేళ్ళతో నలిపి చూసి, గరుకుగా తగిలిన ముక్కల్ని ఏరి పారేశాడు. ఆ పెట్టెలో జానెడు మందాన పరిచి, తాతను తెచ్చి లోపల పెట్టాడు. అది రెండు అడుగులు వేసి, మెత్తటి పొట్టులోకి ముక్కు దూర్చి, కళ్ళు మూసుకుంది. దియెగాన్ అరచేత్తో తన ముఖం తుడుచుకున్నాడు. చాలా రోజులకు అతని ముఖం మంచి పని చేసిన మనిషి ముఖంలా కనిపించింది.

మూడు వారాలకు తాత తినడం మానేసింది. కళ్ళు ఉబ్బి రెప్పలు అతుక్కుపోయాయి. ముక్కు దగ్గర బుడగలు. మెడ బారుగా చాచి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే సన్నగా ఈల. ఆ ఈల మా అందరికీ తెలిసిన ఈలే. పన్నెండేళ్ళు గోడకవతల నుంచి విన్నాను.

వీధి చివరి ముసలావిడ వచ్చి చూసి చేతులెత్తి దేవుడికి దణ్ణం పెట్టింది. "మోస్తోందమ్మా! పిల్ల దగ్గును ఇప్పుడు మోస్తోంది. ఆలస్యమైతే అయింది గానీ, తన పని తాను చేస్తోంది," అంది.

తెనింగ్ గదిలో నుంచి బయటికొచ్చింది. పెట్టె ముందు కూచుని ఆ ఈల వింది. ఏడ్చింది, కానీ ఆ ఏడుపులో ఏదో నెమ్మది ఉంది. "అయితే అక్కడ నా బిడ్డ హాయిగా ఊపిరి తీసుకుంటోంది," అంది.

"ఆస్పత్రికి తీసుకుపోతా," అన్నాడు దియెగాన్.

"వద్దు. ఆపొద్దు దాన్ని."

"చచ్చిపోతుంది తెనింగ్."

"దగ్గు తీసుకునే పోతుంది. అందుకే గదా తెచ్చుకున్నాం. ముట్టుకోకు."

అతను తాతను పెట్టెలోనే వదిలేశాడు. నాకు ఒళ్ళు మండింది. మా నమ్మకాలు నాకూ ఉన్నాయి, కాదనను. కానీ కళ్ళ ముందు ప్రాణి నోరు తెరుచుకుని పోతుంటే దణ్ణాలు పెడుతూ కూచోవడం ఏం నమ్మకం? అలాగే వారం పోయింది. ఎనిమిదో రోజు తెనింగ్ స్మశానానికి వెళ్ళింది. నేను గుర్రబ్బండిని పిలిచి, "ఒరే బానిసా, ఎత్తు దాన్ని. పాపం నా నెత్తిన పడనీ," అన్నాను. ఎత్తాడు. పొట్టు కూడా గుప్పెడు జేబులో పోసుకున్నాడు. దారిలో ఎందుకని అడిగితే, "దేని మీద పడుకుంటుందని అడిగితే చూపించాలి గదా," అన్నాడు.

పశువుల డాక్టరమ్మ పేరు యాసిన్. చిన్నపిల్ల, గొర్రెలతోనూ గాడిదలతోనూ రోజంతా పెనుగులాడే మనిషి. తాతను బల్ల మీద పెట్టి కళ్ళు తుడిచింది, ముక్కు చూసింది, డిప్ప మీద చెవి ఆనించి చాలాసేపు వింది.

"దేని మీద ఉంచుతున్నారు బాబాయ్?"

దియెగాన్ జేబులో నుంచి పొట్టు తీసి చూపించాడు. "నేనే జల్లించాను. మూడుసార్లు. దుమ్ము ఉండదు."

ఆవిడ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. నవ్వుతూ ముక్కు తుడుచుకుంది. "అదీ సంగతి. మీ మంచి మనసు చల్లగుండ, ఇదే దాని కొంప ముంచింది. కమ్మటి వాసనొచ్చే చెక్క తాబేలుకి పనికిరాదు. ఎంత జల్లించినా కంటికి కనపడనిది ఉంటుంది. ఆ వాసనకే ఊపిరితిత్తులు వాస్తాయి. ఇదేమో ముక్కు నేలకానించి బతికే జీవి. తలుపేసిన పెట్టెలో రాత్రంతా అదే పీలుస్తుంది. తీసేయండి. ఎండుగడ్డి పరవండి, లేదంటే పొలంమట్టి. గడ్డి తడిస్తే మార్చండి, అంతే. ఐదు రోజులు సూదిమందు వేస్తాను. పది పదిహేను రోజుల్లో ఊపిరి సర్దుకుంటుంది."

"పది రోజుల్లోనా?" అన్నాను నేను ఆనందంగా.

"మీ వడ్రంగుల్లో దగ్గనివాళ్ళు ఎంతమంది చెప్పండి బాబాయ్! మనుషులకే పడదు ఈ పొట్టు."

"నేను దగ్గను," అన్నాడు దియెగాన్.

"అందరికీ అలా అవదు లెండి. కొందరికే పడదు."

"ఎవరికి?"

"ముందే ఆయాసం ఉన్నవాళ్ళకి. పిల్లలకి." సూది సిద్ధం చేసుకుంటూ, అటు తిరిగే చెప్పింది.

దియెగాన్ బల్ల అంచు పట్టుకున్నాడు. "పరుపులో పోసి కుడితే? గుడ్డ లోపలుంటే?"

ఆవిడ వెనక్కి తిరిగింది. అతని ముఖం చూసి, నా ముఖం చూసింది. నవ్వు పోయింది. "ఎవరి పరుపు?"

ఆవిడకు అర్థమైంది కాబోలు, మెల్లగా అంది. "బాబాయ్, నేను పశువుల డాక్టర్ని. మనుషుల సంగతి నాకు తెలీదు."

"తెలీదంటే, కాదనా?"

"తెలీదంటే తెలీదనే."

బండిలో తిరిగొస్తుంటే తాత మా ఇద్దరి మధ్యా గోనెపట్టా మీద ఈలలు వేస్తోంది. పన్నెండేళ్ళు. పన్నెండు బక్రీదులు. పన్నెండు పరుపులు. ఆ కుట్లు ఒక్కొక్కటీ నా వేళ్ళలో గుచ్చుకుంటున్నాయి. దుమ్ము బయటికి రాకూడదని జంటకుట్టు వేసేదాన్ని. మేము వాకిలి కడిగాం, మేకను పంపేశాం, కిటికీ మూశాం. పిల్ల మాత్రం ప్రతి రాత్రీ ఆ పొట్టులో ముఖం పెట్టుకుని పడుకుంది. ఆసుపత్రికి పోయినప్పుడు రెండు మూడు రోజులు అక్కడ బాగుండేది. ఇంటికి తెస్తే మళ్ళీ మొదలు. మేమది ఇంటి దిష్టి అనుకున్నాం.

"ఏదైనా అను తాక్కో," అన్నాడు దియెగాన్ ఎదురుగా గుర్రం వీపు వంక చూస్తూ. "బానిసా అను. తిట్టు."

నా నోరు ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రోజు అది పనిచేయలేదు. ఇంతే అనగలిగాను. "తెనింగ్‌తో చెప్పకు. తట్టుకోలేదు."

గడ్డి అమ్మే సంతలో బండి ఆపించి మోపుడు గడ్డి కొన్నాడు. ఇంటికొచ్చి పెట్టెలో పొట్టంతా ఊడ్చి, కడిగి, ఎండబెట్టి, గడ్డి పరిచాడు. ఒక్కో పరకా చేత్తో తడిమి ముళ్ళున్నాయేమో చూశాడు. తెనింగ్ స్మశానం నుంచి వచ్చి చూసింది. సూదిమందు సంగతి విని అతని మీద కోపగించుకుంది, కానీ అప్పటికే జరిగిపోయింది. ఆ రోజు నుంచి దియెగాన్ తెల్లవారగానే వసారాలో బోర్లా పడుకుని, పెట్టె తలుపు దగ్గర చెవి పెట్టి వినేవాడు. నాలుగో రోజు బుడగలు తగ్గాయి. ఆరో రోజు ఒక కన్ను తెరుచుకుంది. తొమ్మిదో రోజు పుచ్చతొక్క కొరికింది. పదకొండో రోజు అతను విన్నాడు, మళ్ళీ విన్నాడు. నన్ను పిలిచాడు. నేనూ నేల మీద పడుకుని విన్నాను. ఈల లేదు. ఊపిరి ఒక్కటే, ముసలివాడు నిద్రపోతున్నట్టు.

తెనింగ్ వంటపాకలో ఉంది. తాత పెట్టె దిగి నడిచొచ్చి, సిగా గది తలుపును నెత్తితో కొట్టింది. ఆ చప్పుడుకు తెనింగ్ పరుగెత్తుకొచ్చింది. తాతను చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు.

"మోసుకెళ్ళి ఎక్కడో పారేసొచ్చింది!" అంది. "నా బిడ్డ దగ్గు దూరంగా పారేసి, బతికి తిరిగొచ్చింది! చూశావా, చూశావా దియెగాన్?"

"చూశాను," అన్నాడు.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆవిడకు ఆ నవ్వు మిగిలేది, అతనికి ఆ బరువు మిగిలేది, నాకు నా కుట్లు. నేను అలాగే కోరుకున్నాను. కానీ నవ్వుతూ నవ్వుతూ తెనింగ్‌కు దగ్గొచ్చింది. నడుం వంచి, గోడ పట్టుకుని దగ్గింది. ఆఖర్న సన్నగా ఈల.

దియెగాన్ ముఖంలో నెత్తురు లేదు. "ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"వానల ముందు నుంచే," అంది తెనింగ్. సిగ్గుపడుతూ, ఏదో నగ దాచుకున్నదానిలా చెప్పింది. "అచ్చం నా బిడ్డలాగే వస్తది గదా? రాత్రి పూట ఆ పరుపు మీద దగ్గుతుంటే అది నా పక్కనే ఉన్నట్టుంటది. నాకిది పోవొద్దు."

అతను నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. చెప్పకు అని. ఇవాళ్టికి వద్దు అని.

"ఆ పరుపు ఇచ్చెయ్ తెనింగ్."

"ఇవ్వను."

"కొత్తది చేసిస్తాను."

"కొత్తదాన్లో నా బిడ్డ ఉంటదా? ప్రాణం పోయినా ఇవ్వను."

అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్ళలో అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పాడు. తెలీదంటే తెలీదనే అన్నది కూడా, తనకు అనుకూలంగా ఒక్క మాట కలపకుండా చెప్పాడు. తాత మోసింది సిగా దగ్గు కాదని, తను పరిచిన పొట్టునని చెప్పాడు. ఆ సంచి సిగా పరుపు కోసం ఏరిందేనని చెప్పాడు.

తెనింగ్ నిలబడే వింది. ఒక్క మాట అడిగింది.

"ఎన్ని రోజుల్లో తగ్గింది దానికి?"

"పదకొండు."

ఆవిడ తాబేలును చూసింది. గదిలోకి వెళ్ళి, కత్తెర కావాలని నన్ను పిలిచింది. నా జంటకుట్లు నేనే కోశాను. పొట్టు నేల మీదికి జారింది. ఇంకా తీపి వాసనే. ఆవిడ అందులో ఒక చుట్టను తీసి కొంగున ముడి వేసుకుంది. మిగిలింది దియెగాన్ గోనెలో ఎత్తుకుపోయి ఊరవతల తగలబెట్టాడు. ఆ గుడ్డలోనే గడ్డి నింపి మళ్ళీ కుట్టాను. కళ్ళు కనపడక కుట్లు వంకర పోయాయి.

తెనింగ్ అతనితో మాట్లాడలేదు. వంట చేసేది, పళ్ళెం అతని ముందు పెట్టేది, గదిలోకి పోయేది. తిట్టినా బాగుండును. అతను వసారాలో తాత పెట్టె పక్కన చాప వేసుకునేవాడు. కొట్లో చిత్రిక చప్పుడు లేదు. పెళ్ళి మంచాల కోసం వచ్చినవాళ్ళను ఇనుప మంచాల కొట్టుకు పొమ్మన్నాడు.

పదమూడో రోజు పొద్దున తెనింగ్ ఏడుపు విని నేను మిషను వదిలి పరుగెత్తాను. సిగా పోయిన రోజు కూడా ఆవిడ అంత ఏడవలేదు. మంచం మీద కూచుని గుండె మీద గుద్దుకుంటోంది. "రావట్లేదు అక్కా. రాత్రంతా రాలేదు. పోయింది. దగ్గు పోయింది." నేను పట్టుకుని కూచున్నాను. ఆవిడ ఊపిరి తేలిగ్గా, చప్పుడు లేకుండా వచ్చి పోతోంది. ఆ చప్పుడు లేకపోవడమే ఆవిడను తినేస్తోంది.

దియెగాన్ గడప బయట నిలబడ్డాడు. లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదు. అతని కాళ్ళ దగ్గర తాత మెడ చాచి చూస్తోంది. తెనింగ్ తలెత్తి అతన్ని చూసింది. ఇప్పుడు అంటుంది, గడ్డి వేద్దామని నేను అనలేదా అని ఇప్పుడు అంటుంది అనుకున్నాను. అతనూ అదే అనుకున్నాడేమో, తల వంచుకున్నాడు.

"ప్రతి ఏడూ," అంది తెనింగ్ ఎక్కిళ్ళ మధ్య, "మూడుసార్లు జల్లించేవాడివి. దానికి దుమ్ము తగలకూడదని."

ఆ మాటకు దియెగాన్ గడప మీద కూలబడిపోయాడు.